మెరుపు మెరిస్తే బ్యాండు ఎందుకు ఆపాలె?



ఈ వారం మన గోడ పత్రికలో సైన్సు పాఠం వంతు నాది. మెరుపు, ఉరుము, పిడుగు గురించి రాస్తున్నాను. ఇది పాత పాఠమే అని కొందరు అనుకోవచ్చు. పుస్తకంలో మేఘం బొమ్మ ఉంటుంది, కిందికి ఒక బాణం గుర్తు ఉంటుంది, పరీక్షలో గీస్తే మార్కులు వస్తాయి. కానీ మన ఊళ్ళలో, మన అడవిలో, మన హాస్టల్లో ఆ బాణం మన మీదికి రాకుండా ఏం చేయాలో కూడా తెలుసుకోవాలె. అందుకే ఈ పాఠాన్ని హైదరాబాదులో నేను చూసిన ఒక సంగతితో కలిపి రాశాను. కొంచెం పొడుగు ఉన్నది. ఒక్క రోజులో కాకపోయినా రెండు రోజుల్లో చదవండి.

1. ఈ పాఠం మనకు ఎందుకు?

మార్చి, ఏప్రిల్ నెలల్లో మన అవ్వలు తెల్లారకముందే ఇప్పపువ్వు ఏరడానికి పోతారు. ఏప్రిల్, మే నెలల్లో తునికాకు కోస్తారు. జూన్‌లో పత్తి గింజలు పెడతారు. మేకల కాడికి, పశువుల కాడికి మన తమ్ముళ్ళు పోతారు. పిడుగులు ఎక్కువ పడేది కూడా ఈ నెలల్లోనే. ఎండాకాలం సాయంత్రం గాలిదుమారం లేచినప్పుడు, వానాకాలం మొదట్లో మబ్బు పట్టినప్పుడు మనవాళ్ళు ఇంట్లో ఉండరు. చెలక మీదనో, చెట్టు కిందనో ఉంటారు.

మన దేశంలో 2022 సంవత్సరంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయినట్టు జాతీయ నేర నమోదు సంస్థ లెక్క చెప్పింది. ఒక్క సంవత్సరంలో అంతమంది. మన బడిలాంటి బడులు ఎన్ని ఖాళీ అయితయో మీరే లెక్క వేయండి. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు పడ్డట్టు అక్కడి విపత్తుల సంస్థ లెక్క కట్టింది. అది కూడా ఎండాకాలమే. వానాకాలం ఇంకా రాలేదు.

మా పెద్దబాపు కొడుకు, నాకు అన్న, రెండేండ్ల కింద ఇప్పచెట్టు కింద నిలబడి పిడుగు దెబ్బకు పడిపోయిండు. మేకలు కూడా నాలుగు చచ్చినయి. అప్పుడు నేను హాస్టల్లో ఉన్నాను. పక్కన ఉన్నవాళ్ళు అన్నను ముట్టలేదట. ఒంట్లో ఇంకా కరెంటు ఉంటదని భయపడ్డరు. తర్వాత ఎవరో చెప్తే పేడలో పెట్టినరు. అన్న లేవలేదు. వాళ్ళకు అన్న మీద ప్రేమ లేక కాదు. ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఈ పాఠంలో 7వ భాగాన్ని అందుకే రాశాను. మిగతాది చదవకపోయినా దాన్ని మాత్రం చదవండి.

2. మబ్బులో ఏం జరుగుతుంది?

ఎండకు నేల బాగా వేడెక్కుతుంది. నేలను ఆనుకున్న గాలి కూడా వేడెక్కి పైకి లేస్తుంది. అందులో తేమ ఉంటే పైన చల్లబడి మబ్బు అవుతుంది. మామూలు మబ్బు కాదు, గోపురం లెక్క పైపైకి పెరిగే నల్ల మబ్బు. దీన్ని క్యుములోనింబస్ మేఘం అంటారు. ఇది 12, 15 కిలోమీటర్ల ఎత్తు దాకా కూడా పోతుంది. అంత ఎత్తులో చలి ఎక్కువ. కాబట్టి మబ్బు లోపల నీటి బిందువులతోపాటు మంచు ముక్కలు, చిన్న చిన్న వడగళ్ళు ఉంటాయి.

పైకి పోయే గాలి తేలికైన మంచు ముక్కలను పైకి తీసుకుపోతుంది. బరువైన వడగళ్ళు కిందికి దిగుతుంటాయి. దారిలో రెండూ రాసుకుంటాయి. రాసుకున్నప్పుడు విద్యుదావేశం పుడుతుంది. మబ్బు పైభాగంలో ధనావేశం, కిందిభాగంలో రుణావేశం చేరుతుంది. కింద ఉన్న రుణావేశం వల్ల నేల మీద ధనావేశం పోగవుతుంది. గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. కానీ ఆవేశం మరీ ఎక్కువైతే ఆపలేదు. అప్పుడు ఒక్కసారిగా దూకుతుంది. ఆ వెలుగే మెరుపు. మబ్బు లోపలే, మబ్బుకు మబ్బుకు మధ్యనే దూకితే మనకు ఏమీ కాదు. మబ్బు నుంచి నేలకు దూకితే దాన్ని పిడుగు అంటాము.

మెరుపు దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడెక్కుతుంది. సూర్యుని పైపొర కంటే ఇది అయిదు రెట్లు ఎక్కువ. అంత వేడికి గాలి ఒక్కసారి ఉబ్బి పేలుతుంది. ఆ చప్పుడే ఉరుము. అంటే మెరుపు, ఉరుము రెండూ ఒకేసారి పుడతాయి. వెలుగు ముందు వస్తుంది, చప్పుడు వెనుక వస్తుంది, అంతే.

చిన్న ప్రయోగం: పొడి తలను ప్లాస్టిక్ దువ్వెనతో పదిసార్లు దువ్వి, చిన్న కాగితపు ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరి అంటుకుంటాయి. చలికాలం రాత్రి చీకట్లో ఊలు స్వెట్టరు విప్పేటప్పుడు చిటచిట అని చిన్న నిప్పులు కనిపిస్తాయి కదా, అది కూడా ఇదే. దెయ్యం కాదు. మబ్బు చేసేది కూడా ఇదే పని. అది చాలా పెద్దది, అదే తేడా.

3. నాంపల్లిలో చూసిన సంగతి

పోయిన ఏప్రిల్‌లో క్విజ్ పోటీకి మా సారు మమ్మల్ని ఆరుగురిని హైదరాబాదు తీసుకుపోయిండు. పోటీ అయినంక ఊరు చూపించిండు. మాసబ్ ట్యాంకు దగ్గర గిరిజన మ్యూజియం చూసినం. నాంపల్లిలో పబ్లిక్ గార్డెన్స్ చూసినం. దాన్ని బాగ్-ఎ-ఆమ్ అని కూడా అంటారు. అందులోని మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. లలిత కళాతోరణం అని ఆరుబయట ఆటపాటలు జరిగే చోటు కూడా ఆ తోటలోనే ఉంది. తర్వాత అబిడ్స్ పోయి పెద్ద పోస్టాఫీసు, అంటే జీపీఓ చూసినం. నేను అక్కడి నుంచి మా ఊరికి ఒక కార్డు రాసిన.

సాయంత్రం నాంపల్లిలో ఒక మైదానంలో బ్యాండు ప్రోగ్రాం జరుగుతుంటే సారు కొద్దిసేపు చూడనిచ్చిండు. ఇనుప పైపులతో ఎత్తైన స్టేజీ కట్టినరు. రెండు పక్కల మనిషి కంటే పెద్ద సౌండు బాక్సులు. గిటార్లు, డ్రమ్ములు, కీబోర్డు, ఇత్తడి బాకాలు. జనం చప్పట్లు కొడుతున్నరు. డ్రమ్ము కొడితే మన ఛాతీలో కొట్టినట్టే అయింది. దండారిలో గుమేల, తుడుం దగ్గర నిలబడితే కూడా నాకు అట్లనే అయితది.

పడమటి దిక్కు నల్లగ అయింది. చల్లగాలి వచ్చింది. ఒక మెరుపు మెరిసింది. జనం అది కూడా స్టేజీ లైటే అనుకొని ఈలలు వేసినరు. సారు మాత్రం వేళ్ళతో లెక్క పెట్టుడు మొదలుపెట్టిండు. ఇరవై ఒకటి అనంగ ఉరుము వినిపించింది. "ఇగ నడువుండ్రి బిడ్డా" అన్నడు. మాకు పోబుద్ధి కాలే. పాట మంచిగ నడుస్తున్నది. అయినా సారు ఊకోలే. మేము నాంపల్లి స్టేషన్ లోపలికి చేరేసరికి రెండో మెరుపు వచ్చింది. ఈసారి పది లెక్కకే ఉరిమింది. అక్కడ మైదానంలో పాట టక్కున ఆగిపోయింది. మైకులో ఎవరో ప్రోగ్రాం ఆపుతున్నం, అందరూ బయటికి పోండి అని చెప్పినరు. లైట్లు కూడా బంద్ చేసినరు. తర్వాత వడగండ్ల వాన.

స్టేషన్‌లో ఒకాయన, పైసలు ఖర్చు పెట్టి పెట్టిన ప్రోగ్రాం, చినుకు పడకముందే ఆపిండ్రు అని గుణిసిండు. మా సారు ఆయనకు ఏం చెప్పిండో, తర్వాత మాకు బస్సులో ఏం చెప్పిండో అదే కింద రాస్తున్నాను.

4. చినుకు పడకముందే ఎందుకు ఆపాలె?

(అ) పిడుగుకు వానతో పని లేదు. మబ్బు నుంచి 10 కిలోమీటర్ల అవతల, తల మీద ఆకాశం తేటగా ఉన్నచోట కూడా పిడుగు పడవచ్చు. కాబట్టి ఉరుము వినిపించిందంటే మనం పిడుగుకు అందే దూరంలో ఉన్నట్టే.

(ఆ) పిడుగు ఎత్తుగా, ఒంటరిగా ఉన్న వాటి మీద ఎక్కువగా పడుతుంది. ఖాళీ మైదానంలో స్టేజీయే ఎత్తైనది. దాని మీద లైట్లు కట్టే ఇనుప స్తంభాలు ఇంకా ఎత్తు.

(ఇ) స్టేజీ నుంచి జనరేటరు దాకా, సౌండు బాక్సుల దాకా పొడుగు పొడుగు వైర్లు ఉంటాయి. పిడుగు ఎక్కడో దూరంగా పడినా ఆ వైర్ల వెంట కరెంటు ఉరికి రావచ్చు. పాడేవాళ్ళ పెదవి మైకుకు ఆనుకొని ఉంటుంది. గిటారు వాయించేవాళ్ళ వేళ్ళు తీగల మీద ఉంటాయి. అందరికంటే ముందు ప్రమాదం వాళ్ళకే.

(ఈ) పిడుగు నేలలో దిగినంక అక్కడే ఆగదు. చుట్టూ నేలలో పరుచుకుంటుంది. దగ్గర నిలబడ్డ మనిషి ఒక కాలు దగ్గర ఎక్కువ, ఇంకో కాలు దగ్గర తక్కువ వోల్టేజి ఉంటుంది. అప్పుడు కరెంటు ఒక కాలు నుంచి ఎక్కి ఇంకో కాలు నుంచి దిగుతుంది. పశువుల ముందుకాళ్ళు, వెనుకకాళ్ళు దూరంగా ఉంటాయి కాబట్టి అవి ఎక్కువ చస్తాయి. జనం గుంపుగా ఉంటే ఒక్క పిడుగుకే చాలామందికి దెబ్బ తగులుతుంది.

(ఉ) వేలమంది ఒక్క గేటు నుంచి బయటికి పోవడానికి చాలాసేపు పడుతుంది. పిడుగు నెత్తి మీదికి వచ్చినంక ఆపితే తొక్కిసలాట అవుతుంది. అందుకే దూరంగా ఉన్నప్పుడే ఆపాలె.

ఇది మన దగ్గరి ముచ్చటే కాదు. జర్మనీ దేశంలో రాక్ ఆమ్ రింగ్ అనే పెద్ద సంగీత ఉత్సవం జరుగుతుంది. 2016 జూన్‌లో మెండిగ్ అనే ఊరిలో అది జరిగేటప్పుడు పిడుగులు పడి 70 మందికి పైగా గాయపడ్డారు. అంతకుముందు సంవత్సరం 2015లో కూడా అక్కడే పిడుగుల వల్ల గాయపడ్డారు. 2016లో ఉత్సవాన్ని మధ్యలోనే ఆపేశారు. సైన్సు బాగా తెలిసిన దేశంలోనే అట్లా అయింది.

నాంపల్లి ఎగ్జిబిషన్ గురించి మీరు విని ఉంటారు. నుమాయిష్ అంటారు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది. 1946 నుంచి ఇప్పుడున్న నాంపల్లి మైదానంలో జరుగుతున్నది. అది జనవరి, ఫిబ్రవరి నెలల్లో. అప్పుడు మన దగ్గర ఉరుములు చాలా తక్కువ. కానీ ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరుబయట ఏ కార్యక్రమం పెట్టినా ఆకాశం చూస్తూ ఉండాలె. మన దండారి, గుస్సాడి దీపావళికి వస్తాయి. ఇప్పుడు మన ఆటను పట్నంలో స్టేజీల మీద, మైకుల ముందు కూడా ఆడుతున్నరు. కాబట్టి ఇది బ్యాండువాళ్ళ పాఠం మాత్రమే కాదు, మన పాఠం కూడా.

5. దూరం కనుక్కునే లెక్క

చప్పుడు గాలిలో ఒక సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే ఒక కిలోమీటరుకు 3 సెకన్లు. మెరుపు చూడగానే లెక్క మొదలు పెట్టి, ఉరుము వినగానే ఆపాలె. వచ్చిన సంఖ్యను 3తో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి.

మనం నాంపల్లి స్టేషన్ దగ్గర నిలబడినట్టు అనుకుందాం. మ్యాపులో స్కేలు పెట్టి కొలిచి ఈ పట్టిక తయారు చేశాను. దూరాలు ఇంచుమించు లెక్కే. రోడ్డు దూరం కాదు, కాకి ఎగిరే దూరం.

అబిడ్స్ జీపీఓ – 1 కి.మీ. – 3 సెకన్లు
చార్మినార్ – 3.5 కి.మీ. – పది, పదకొండు సెకన్లు
సికింద్రాబాద్ స్టేషన్ – 6 కి.మీ. – 18 సెకన్లు
గోల్కొండ కోట – 7 కి.మీ. – 21 సెకన్లు
ఉప్పల్ చౌరస్తా – 10 కి.మీ. – 30 సెకన్లు

సారు మొదట ఇరవై ఒకటి లెక్క పెట్టిండు కదా. అంటే పిడుగు గోల్కొండ అంత దూరంలో ఉంది. రెండోసారి పది. అంటే చార్మినార్ అంత దగ్గరికి వచ్చింది. కొద్ది నిమిషాల్లోనే సగం దూరం తగ్గింది.

దీని మీద ఒక నియమం ఉంది. గుర్తు పెట్టుకోవడం సులువు. ముప్పై – ముప్పై. మెరుపుకు ఉరుముకు మధ్య 30 సెకన్ల లోపు ఉంటే వెంటనే పక్కా ఇంట్లోకి పోవాలె. ఆఖరి ఉరుము విన్న తర్వాత 30 నిమిషాలు ఆగి బయటికి రావాలె. వాన ఆగింది కదా అని ఉరికితే తప్పు. పోయే మబ్బు కూడా పిడుగు వేస్తుంది.

గడియారం లేకపోతే ఎట్లా? "ఒకటి ఒకటి, రెండు రెండు" అని నిదానంగా అంటే ఒక్కోదానికి ఒక సెకను పడుతుంది. ఉరిమితే అర్జునుడి పేర్లు చదవాలె అని పెద్దవాళ్ళు చెప్తారు. భయం పోవడానికి చదువుకోవచ్చు. కానీ అవి చదువుతూ ఇంట్లోకి నడవాలె. చెట్టు కింద నిలబడి చదివితే లాభం లేదు. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రమా అని సామెత ఉండనే ఉంది.

6. ఇత్తడి బాకా పిడుగును పిలుస్తుందా?

బ్యాండు చూసి వచ్చినంక మా క్లాసులో ఈ వాదం జరిగింది. పిలవదు. చిన్న లోహపు వస్తువు ఆకాశంలోని పిడుగును లాగలేదు. చెవిదిద్దులు, గొలుసు, సెల్‌ఫోను కూడా అంతే. మన కాలికోమ్ కూడా అంతే. పిడుగు చూసేది ఎత్తు, ఒంటరితనం. కానీ పిడుగు పడ్డ తర్వాత లోహం దానికి మంచి దారి. అందుకే పొడుగు ఇనుప కంచె, పంపు పైపు, స్టేజీ స్తంభం ముట్టుకోవద్దు.

చెట్టు కింద ఎందుకు నిలబడొద్దు? చెట్టు ఎత్తుగా ఉంటుంది, పిడుగు దాని మీద పడుతుంది. చెట్టు కంటే మన ఒంట్లో కరెంటు సులువుగా పోతుంది. కాబట్టి మానులోంచి పక్కకు దూకి మన మీదికి వస్తుంది. ఇప్పచెట్టయినా, తాటిచెట్టయినా, పబ్లిక్ గార్డెన్స్‌లో చెట్టయినా ఒకటే.

రబ్బరు చెప్పులు వేసుకుంటే ఏమీ కాదా? అది అబద్ధం. కిలోమీటర్ల దూరం గాలిని చీల్చుకొని వచ్చినదానికి అరంగుళం రబ్బరు లెక్క కాదు.

ఒకసారి పడ్డచోట మళ్ళీ పడదా? పడుతుంది. ఎత్తైన కట్టడాల మీద మళ్ళీ మళ్ళీ పడుతుంది. అందుకే పెద్ద భవనాల మీద పిడుగు కడ్డీ పెడతారు. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 18వ శతాబ్దంలో దాన్ని కనిపెట్టాడు. కడ్డీ పిడుగును ఆపదు. మందమైన రాగి పట్టీ వెంట నేలలోకి దించుతుంది. ఎవరికీ తగలకుండా దారి చూపిస్తుంది.

ఏది భద్రం? గోడలు, స్లాబు ఉన్న పక్కా ఇల్లు. తలుపులు, అద్దాలు మూసిన బస్సు, కారు. ఏది భద్రం కాదు? టెంటు, మంచె, గోడలు లేని రేకుల షెడ్డు, ఆటో, చెట్టు, చెరువు. ఇల్లు, బస్సు ఏదీ దొరకకపోతే ఎత్తైన చెట్టుకు, కంచెకు దూరంగా పల్లపు చోట రెండు పాదాలు దగ్గర పెట్టి, మునివేళ్ళ మీద గొంతుక కూర్చొని, తల వంచి చెవులు మూసుకోవాలె. నేల మీద పడుకోవద్దు. గుంపుగా ఉంటే దూరం దూరం జరగాలె. ఇది ఆఖరి దారి మాత్రమే, మొదటి దారి కాదు.

7. పిడుగు దెబ్బ తిన్న మనిషిని కాపాడాలంటే

మొదటి మాట: ఒంట్లో కరెంటు ఉండదు. పిడుగు సెకనులో చిన్న వంతు ఉండి నేలలోకి పోతుంది. వెంటనే ముట్టుకోవచ్చు.

రెండో మాట: పిడుగు దెబ్బకు గుండె ఆగిపోతుంది, ఊపిరి ఆగిపోతుంది. ఒళ్ళంతా కాలనవసరం లేదు. చనిపోయినట్టు కనిపించినా అప్పుడే చనిపోయినట్టు కాదు. గుండెను మళ్ళీ నడిపిస్తే బతకవచ్చు.

చేయవలసినవి వరుసగా:
(1) ఒకరు 108కి ఫోను చేయాలె.
(2) మళ్ళీ పిడుగు పడేలా ఉంటే మనిషిని భద్రమైన చోటికి జరపాలె.
(3) పిలిచినా పలకక, ఊపిరి సరిగా తీసుకోకపోతే వెల్లకిలా పడుకోబెట్టాలె.
(4) ఛాతీ మధ్యలో అరచేయి పెట్టి, దాని మీద ఇంకో చేయి పెట్టి, మోచేతులు వంచకుండా గట్టిగా, వేగంగా నొక్కాలె. పెద్దవాళ్ళకు 5 సెంటీమీటర్ల లోతు దిగాలె. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. అలసిపోతే ఇంకొకరు అందుకోవాలె. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు.
(5) చాలామంది పడిపోతే, కదలకుండా ఊపిరి లేకుండా ఉన్నవాళ్ళ దగ్గరికి ముందు పోవాలె. అరిచేవాళ్ళు, ఏడ్చేవాళ్ళు ఊపిరి తీసుకుంటున్నట్టే కదా.

పేడలో, మట్టిలో పాతిపెట్టవద్దు. దాని వల్ల కరెంటు పోదు, ఎందుకంటే పోవడానికి కరెంటు లేదు. పోయేది సమయం మాత్రమే. గుండె ఆగినప్పుడు ఒక్కొక్క నిమిషం విలువైనది.

ఈ సంగతి సెలవులకు పోయినప్పుడు మీ ఊరి పటేల్‌కు, మీ బాపుకు, మీ అవ్వకు చెప్పండి. గోండిలో, కోలామీలో, ఏ భాషలో అర్థమైతే ఆ భాషలో చెప్పండి. మా ఊళ్ళో నేను చెప్పినప్పుడు మొదట నవ్వినరు. తర్వాత మా అవ్వ, ఆ నొక్కుడు ఎట్లనో మళ్ళీ చూపెట్టు అన్నది. దిండు మీద చూపెట్టిన.

8. మన హాస్టల్లో చేయదగినవి

వార్డెన్ మేడంకు, హెడ్‌మాస్టరు సారుకు మనవి. ఇవి పెద్ద ఖర్చు లేని పనులు.

– ఉరుము వినగానే ఆటస్థలంలో ఉన్నవాళ్ళు లోపలికి రావడానికి వేరే గంట పెట్టాలె. మూడు మూడు కొట్లు కొడితే అందరికీ తెలుస్తుంది.
– ఉరుముతుంటే నల్లా దగ్గర స్నానం, బట్టలు ఉతుకుడు ఆపాలె. పైపుల వెంట కరెంటు రావచ్చు.
– టీవీ, కంప్యూటర్ల ప్లగ్గులు ముందే తీసి పెట్టాలె. మెరుస్తుంటే తీయొద్దు.
– రేకుల షెడ్డు కింద అన్నం తినేటప్పుడు ఉరిమితే ప్లేట్లు పట్టుకొని క్లాసు గదుల్లోకి పోయేటట్టు అనుమతి ఇవ్వాలె.
– పూణేలోని ఐఐటీఎం సంస్థ దామిని అనే యాప్ తయారు చేసింది. మనం ఉన్నచోటికి 20 కిలోమీటర్లు, 40 కిలోమీటర్ల లోపల పిడుగులుంటే ఫోనులో చూపిస్తుంది. మేడం ఫోనులో అది ఉంటే మంచిది.
– పీహెచ్‌సీ నుంచి నర్సమ్మను పిలిపించి ఛాతీ నొక్కుడు అందరికీ నేర్పించాలె. చదివితే సగమే వస్తుంది, చేస్తేనే మొత్తం వస్తుంది.

9. ఆలోచించి జవాబు చెప్పండి

(క) మెరుపు తర్వాత 12 సెకన్లకు ఉరుము వినిపించింది. పిడుగు ఎంత దూరంలో ఉంది?
(ఖ) మెరుపు కనిపించింది, ఉరుము వినిపించలేదు. కారణం ఏమిటి?
(గ) గుస్సాడి ఆడేటప్పుడు ఉరుము వినిపిస్తే దండారి పెద్ద ఏం చెప్పాలె? ఎప్పుడు మళ్ళీ మొదలు పెట్టాలె?
(ఘ) మీ ఊరి నుంచి తునికాకు కల్లం దాకా ఎంత దూరం? దారిలో పక్కా ఇల్లు ఎక్కడ ఉంది? పటం గీయండి.

(ఘ) ప్రశ్నకు పటం గీసినవాళ్ళు శనివారం లోపల నాకు ఇవ్వండి. వచ్చే వారం అవన్నీ ఇదే గోడ మీద అంటిద్దాం.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని